మారిషస్‌కు మంగళవారం టికెట్టు

మా ఇంటి పైపోర్షన్‌లో కిరాయికున్నామె మారిషస్ పోయొచ్చింది. ఇంటి ఓనరమ్మను నేను. నేను అప్పటికి తిరుపతి, షిరిడీ చూశాను. ఒకసారి గోవా కూడా పోయాను గానీ అక్కడ వాన పట్టుకుని, ఉన్నన్ని రోజులూ రూము కిటికీలోంచి కొబ్బరిచెట్లు ఊగడం చూసి వచ్చేశాం. కిరాయికుండేవాళ్ళు సముద్రం దాటి దీవికి పోయి రావడమేంటి, ఇల్లు కట్టుకున్నవాళ్ళం ఎల్బీనగర్ చౌరస్తా దాటలేకపోవడమేంటి అని నాకు లోపల ఒకటే మంట.

ఆమెది గుంటూరు వైపు. ఆమె భర్త దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పేవాడు. మాది పోచంపల్లి పక్క ఊరు. మా వాళ్ళు మగ్గాల మీద నేసిన చీరలను మా ఆయన అదే దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న షాపు పెట్టి అమ్మేవాడు. ఇల్లు ఎల్బీనగర్‌లో, మెయిన్ రోడ్డు నుంచి కొన్ని గల్లీలు లోపలికి. కింద మేమిద్దరం, మా అత్త. పైన వాళ్ళిద్దరు. మా కొడుకు హాస్టల్‌లో చదువుకుంటున్నాడు.

తిరిగొచ్చిన మర్నాడే ఆమె కిందికి దిగింది. చేతిలో చాక్లెట్ డబ్బా, చంకలో ఫోటోల ఆల్బమ్.

"అక్కా, అక్కడ కూడా మన తెలుగువాళ్ళున్నారు తెలుసా! ఉగాది చేసుకుంటారంట. ఒకచోట మట్టి ఏడు రంగుల్లో ఉంటుందక్కా. మీరు చూసి తీరాలి," అంది.

చూసి తీరాలంట. ఎవరు చూపిస్తారమ్మా నాకు? ఆల్బమ్ నిండా ఆమే. పెద్ద టోపీ, నల్ల కళ్ళద్దాలు, పడవలో ఒకటి, చెరుకు తోటలో ఒకటి, లేత నీలం నీళ్ళ ముందు చేతులు చాపుకుని ఒకటి. ఆమె కంటే నేను ఎత్తు. ఆ టోపీ నిజంగా పెట్టాల్సింది నా తలకి. పేజీ తిప్పుతున్నకొద్దీ ఆమె నవ్వు పెద్దదవుతోంది, నా మొహం చిన్నదవుతోంది. మా అత్త కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో ఫోటో సావధానంగా చూసింది.

"ఎంత సక్కగున్నవమ్మా," అని ఆమెతో అని, నా వైపు తిరిగి, "నువ్వు గా గోవల ఒక్క ఫోటో గూడ మంచిగ దిగలే," అంది.

మా అత్తకు ఆమె అంటే ముందునుంచీ ఒక మెట్టు ఎక్కువే. వాకిట్లో ముగ్గు ఆమె వేస్తే వంకర లేదు, పచ్చడి ఆమె పెడితే బూజు పట్టదు. బయటికి మాత్రం ఆంధ్రోళ్ళు, ఆంధ్రోళ్ళు అని తిట్టేది. ఈ పైపోర్షనామె ఆ తిట్లలోకి ఎప్పుడూ రాదు. నేను మాత్రం రోజుకు రెండుసార్లు వస్తాను.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో, ఎల్బీనగర్‌లో దీక్షా శిబిరాలు. ఒకరోజు బంద్, ఒకరోజు రాస్తారోకో, ఇంకోరోజు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు. నేనూ మా గల్లీ ఆడవాళ్ళతో కలిసి పోయి శిబిరంలో కూర్చునేదాన్ని, నిజంగానే మనసుపెట్టి కూర్చునేదాన్ని. నీళ్ళు, నిధులు, నియామకాలు అని మైకులో చెప్తుంటే మాత్రం నేను లోపల్లోపల నాలుగోది ఒకటి కలుపుకునేదాన్ని: మారిషస్.

అట్లా మొదలైంది నా వెతుకులాట. మా ఆయనకు చెప్తే, "పిచ్చా నీకు? బంద్‌లతోటి గిరాకీ లేక నేను పరేషాన్‌ల ఉన్న," అన్నాడు. ప్యాకేజీ టూరు వాళ్ళ దగ్గరికి పోతే వాళ్ళు చెప్పిన రేటుకు మా షాపులో బీరువా సగం ఖాళీ అవుతుంది. కాబట్టి చవక టికెట్టు నేనే పట్టుకోవాలనుకున్నాను. హైదరాబాద్ నుంచి నేరుగా మారిషస్‌కు విమానం లేదు. బొంబాయి మీదుగా ఒకటి, చెన్నై మీదుగా ఒకటి, మధ్యలో దుబాయ్‌లో దింపి ఎక్కించేది ఒకటి. ఒకటైతే తూర్పుకు కౌలాలంపూర్ తీసుకుపోయి అక్కడినుంచి మళ్ళీ పడమరకు తెస్తుంది. హయత్‌నగర్ పోవాల్సినవాణ్ణి మెహిదీపట్నం మీదుగా తిప్పినట్టు. అదే కొంచెం చవక.

ఇంట్లో కంప్యూటర్ లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లలు కూర్చునే నెట్ సెంటర్‌లో కూర్చునేదాన్ని. ఒకసారి చూసిన టికెట్టును అదే కంప్యూటర్‌లో మళ్ళీ చూస్తే, వీళ్ళకు ఆశ పుట్టిందని దానికి తెలిసిపోయి రేటు పెంచేస్తుందని అక్కడొక అమ్మాయి చెప్పింది. నిజమో కాదో గానీ నేను నమ్మేశాను. ఒకరోజు దిల్‌సుఖ్‌నగర్, ఒకరోజు కొత్తపేట, ఒకరోజు చైతన్యపురి. దొంగలా కొంగు కప్పుకుని కూర్చుని, నాకేమీ ఆశ లేదన్నట్టు మొహం పెట్టుకుని రేట్లు చూసేదాన్ని. కూరగాయల సంచి పక్కనే ఉండేది. టమాటాలు మెత్తబడేవి. ఇంటికొస్తే పైనుంచి ఆమె పాట వినిపించేది. మారిషస్ పోయొచ్చాక ఆమె గొంతు కూడా బాగుపడినట్టే అనిపించేది నాకు. అంత కుళ్ళు నాది.

చివరికి దొరికింది. ఆషాఢ మాసం. పెళ్ళిళ్ళు లేవు, మా షాపులో ఈగలు. మారిషస్‌లో అప్పుడు చలికాలమట, జనం పోరట. విమానాలవాళ్ళకు కూడా ఆషాఢమే అన్నమాట. ఆ నెలలో కూడా ఒకే ఒక్క రోజు రేటు మిగతా రోజుల్లో సగమే. సాయంత్రం హైదరాబాద్‌లో ఎక్కి, బొంబాయిలో మారి పోవడం. రద్దు చేసుకుంటే పైసా వాపసు రాదు. మా ఆయన ఆ రేటు విని నోరు తెరిచాడు. షాపు ఎట్లాగూ మూసే ఉంటోంది కదా అని తనే ఒప్పుకున్నాడు. టికెట్లు చేతికొచ్చిన రోజు నేను మేడమెట్ల మీద పావుగంట ఊరికే నిలబడ్డాను, ఆమె దిగుతుందేమో, చెబుదామని.

ఆ సంబరం మా అత్త దగ్గర ఆగింది. చవకైన ఆ ఒక్క రోజు మంగళవారం.

"మంగళారం నాడు ఎవలన్న ఇల్లు ఇడిసి పోతరా? గందుకే సస్తగ ఇచ్చిండ్రు. తెలిసినోడు ఎవడూ కొనడు గద!" అంది.

తారీకు మార్చితే ఇంకో టికెట్టు కొన్నంత ఖర్చు. మా ఆయన తల్లి మాట దాటడు. నా మారిషస్ మా అత్త నోట్లో ఇరుక్కుపోయింది. రెండు రోజులు నేను అన్నం సరిగా తినలేదు. ఆ పస్తుకు కరిగిందో, కొడుకు డబ్బు పోతుందని భయపడిందో, మూడో రోజు ఆమే ఉపాయం చెప్పింది. పంచాంగంలో దాన్ని ప్రస్థానం అంటారు. మా అత్త, సామాను ముందు పంపుడు అనేది. మంచి గడియ చూసి ప్రయాణం పెట్టెను ఇంకొకరింట్లో పెడితే మన ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు లెక్క. తర్వాత మంగళవారం పోయినా దోషం లేదు. ఒక్కటే షరతు, ఆ పెట్టె మళ్ళీ మన గడప లోపలికి రాకూడదు. పోయేటప్పుడు అక్కడినుంచే ఎత్తుకుని పోవాలి.

"శనారం పొద్దుగాల మంచిగుంది. ఎదురింటోళ్ళ ఇంట్ల పెడదాం," అంది.

"పైన పెడదాం అత్తమ్మా," అన్నాను నేను.

"అది మన ఇల్లే గద?"

"కిరాయి ఇస్తున్నరు గద. వాళ్ళ గడప వాళ్ళదే."

మా అత్త ఆలోచించి సరేనంది. నా లెక్క వేరు. కొత్త ఎర్ర పెట్టె కొన్నాను, చక్రాలది. అది శనివారం నుంచి మంగళవారం దాకా ఆమె హాల్లో కూర్చుని ఆమెనే చూస్తుంటుంది. ఆమె టీవీ చూసినా, టిఫిన్ తిన్నా ఎదురుగా నా పెట్టె ఉండాలి. అంతే నాక్కావలసింది.

పెట్టెలో బట్టలు సర్దుతుంటే మా అత్త వచ్చి నిలబడింది. "చీరెలు, అంగీలు పెడితే ప్రయాణమెట్లయితది? గవి లేకుంటె పోలేరా ఏంది? ఏది లేకుంటె పోలేరో గది పెట్టాలె," అంది. మాటకు మాట సరిగ్గా ఉంది. రెండు పాస్‌పోర్టులూ, టికెట్ల కాగితాలూ పసుపు గుడ్డలో చుట్టి పెట్టెలో అడుగున పెట్టాను. మా ఆయన చూస్తూనే ఉన్నాడు. చదువుకున్న ముగ్గురిలో ఒక్కరికీ అందులో తప్పు కనిపించలేదు. మా అత్త కూడా ఏడో క్లాసు చదివింది.

శనివారం పొద్దున పైపోర్షనామె పెట్టెను రెండు చేతులా అందుకుంది. "అబ్బ, మీరూ వెళ్తున్నారా అక్కా! ఎంత మంచి కబురు చెప్పారు!" అంది. ఆ సంతోషం నకిలీయేమో అని మొహం పరీక్షగా చూశాను. నకిలీ దొరకలేదు. దాంతో నాకు ఇంకా చిరాకేసింది. నేను కిందికి దిగేముందు ఆమె ఇంకో మాట చెప్పింది. ఇక్కడ క్లాసులు జరగక వాళ్ళాయన కొన్నాళ్ళుగా విజయవాడ పోయి అక్కడ చెప్తున్నాడట, ఆదివారం అక్కడికి పోయి సోమవారం మధ్యాహ్నానికి వచ్చేస్తానంది. మంగళవారం కదా మా ప్రయాణం, మేం పట్టించుకోలేదు.

ఆదివారం సాయంత్రం టీవీలో చెప్పారు, సోమ, మంగళవారాలు బంద్. బస్సులు లేవు, రైళ్ళు ఆపుతారు, విజయవాడ రోడ్డు దిగ్బంధం.

నేను పైకి పరుగెత్తాను. గ్రిల్ తలుపుకు తాళం. పాత తాళానికైతే నా దగ్గర ఇంకో చెవి ఉండేది. ఉద్యమం వేడెక్కాక ఆమె కొత్త తాళం వేసుకుంది. అప్పుడే నాకు మనసు చివుక్కుమంది. అడిగితే, "రోజులు బాగాలేవు కదక్కా, మీ ఇంటికే మంచిదని," అంది. ఇప్పుడు ఆ తాళం వెనకాల, కిటికీలోంచి చూస్తే కనిపించనంత లోపల, నా మారిషస్ ఉంది.

ఫోన్ చేశాను. "అయ్యో అక్కా! తాళం పగలగొట్టించేయండి, ఏం పర్లేదు," అంది. అంత సులువుగా అనగలగడం కూడా ఆమెకే చెల్లింది.

సోమవారం పొద్దున మా ఆయన సుత్తె పట్టుకుని పైకెక్కాడు. ఆ గ్రిల్ ఆయనే దగ్గరుండి చేయించాడు, ఏనుగు గుద్దినా కదలదని అందరికీ చెప్పుకునేవాడు. కదల్లేదు. తాళాలు తెరిచే ముసలాయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఫుట్‌పాత్ మీద కూర్చునేవాడు, బంద్ కాబట్టి ఆయన లేడు. మా ఆయన మళ్ళీ బాదడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడుకు గల్లీ అంతా కిందికి చేరింది. శిబిరంలో రోజూ మా పక్కన కూర్చునే పెద్దమనిషి ఒకాయన మెట్లెక్కి వచ్చాడు.

"ఏందన్నా గిది? ఆంధ్రోళ్ళ ఇల్లు పగలగొడుతున్నవా? మనం శాంతియుతంగ కొట్లాడుతున్నమని ఊరంత చెప్తుంటిమి. రేపు పేపర్ల పడితె ఎవరికి చెడ్డపేరు?"

"అరె, ఆమెనే పగలగొట్టమన్నదే!" అన్నాడు మా ఆయన.

"ఓనర్లు సుత్తె పట్టుకుని అడిగితె కిరాయిదారు ఏమంటది మరి?"

మా ఆయన సుత్తె కింద పెట్టేశాడు. ఆ తర్వాత ఎవరికి ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. ఆ సాయంత్రం మళ్ళీ ఫోన్ చేస్తే ఆమె, "నేనొస్తానక్కా, ఎలాగోలా వచ్చేస్తా," అంది. ఆ తర్వాత ఫోన్ స్విచాఫ్. ఎందుకొస్తుంది? ఎవరైనా బంద్‌లో పక్కవాళ్ళ పెట్టె కోసం విజయవాడ నుంచి వస్తారా? ఆమె ఇదంతా కావాలనే చేసిందని నాకు ఖాయమైపోయింది. మా ఇంట్లో మారిషస్ చూసినది తనొక్కతే అయి ఉండాలి. నవ్వుతూ నవ్వుతూ నా పెట్టెను లోపల పెట్టి తాళం వేసుకుపోయింది. ఈ మాట మా అత్తతో కూడా అన్నాను.

"నీ కడుపుల ఉన్నదే నీకు అందరి కడుపుల కనిపిస్తది," అంది మా అత్త, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

మంగళవారం వచ్చింది. విమానం సాయంత్రం. ఎయిర్‌పోర్టు ప్రయాణికులనూ, దవాఖానకు పోయేవాళ్ళనూ బంద్‌లో కూడా వదిలేవాళ్ళు. కాబట్టి మా ఆయన తెలిసినవాళ్ళ కారు మాట్లాడి, అద్దం మీద ఎయిర్‌పోర్ట్ అని రాసిన కాగితం కూడా అతికించాడు. పోవడానికి కారుంది, పోనిచ్చే జనం ఉన్నారు, పాస్‌పోర్టులే లేవు. పదకొండింటికి నేను ప్రయాణం చీర కట్టుకుని వరండాలో కూర్చున్నాను. పన్నెండయింది. మా ఆయన కారు చుట్టూ తిరుగుతున్నాడు. నాకు ఏడుపు రావడం లేదు, కోపమే వస్తోంది. ఆల్బమ్‌లోని ఆ టోపీ కళ్ళముందు కదులుతోంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆమెకున్నది నాకూ ఉండకూడదా?

అప్పుడు గేటు చప్పుడైంది.

ఆమే. జుట్టంతా రేగిపోయి ఉంది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా దుమ్ము. చెప్పులు చేతిలో ఉన్నాయి, ఒకటి తెగింది.

"అక్కా, టైముందా ఇంకా?" అంది.

తెల్లవారుజామున ఎవరో తెలిసినవాళ్ళ కారులో బయల్దేరిందట. పెద్ద అంబర్‌పేట దగ్గర రోడ్డు మీద పొయ్యిలు వెలిగించి వంటావార్పు చేస్తున్నారట. కారు కదిలే దారి లేదు. ఆమె దిగి నడవడం మొదలుపెట్టింది. హయత్‌నగర్ మీదుగా, ఆ ఎండలో, ఎల్బీనగర్ దాకా.

"వాళ్ళు ఆపి అడిగారక్కా, ఎక్కడికమ్మా అని. మా ఓనరక్క పెట్టె నా దగ్గరుండిపోయింది, ఆవిడ విమానం పోతుంది అని చెప్పా. తిననిదే పంపం అన్నారు. ఇంత అన్నం, పప్పుచారు పెట్టి పంపించారు," అని నవ్వింది.

మంచినీళ్ళు ఇవ్వబోతే తీసుకోలేదు, ముందు మేడెక్కింది. తాళం తీసింది. నా పెట్టె దేవుడి మూల పీట మీద ఉంది. ముందు చిన్న ముగ్గు, పెట్టె మూతకు కుంకుమ బొట్టు. "పిన్నిగారు మంచి గడియ చూసి పెట్టారు కదా, నేల మీద పెట్టడం ఇష్టంలేక," అంది. ఆమె టీవీ ఎదురుగా కూర్చుని ఆమెను ఏడిపించాల్సిన పెట్టె. ఆమె దానికి పూజ చేసింది.

థాంక్స్ అన్నాను. ఆ మాట నా చెవికే చాలలేదు. మనిషి మంచిది కాకపోతే బాగుండు, నాకు ఇంత కష్టం ఉండేది కాదు అనిపించింది. నిజంగా అదే అనిపించింది.

మా ఆయన పెట్టెను మెట్లమీంచి నేరుగా కారులోకి చేర్చాడు, మా గడప తొక్కకుండా. ప్రయాణానికి ఎదురు రావడానికి మా అత్త ఎదురింటామెను పిలిచి ఉంచింది. ఆమె నీళ్ళ చెంబు పట్టుకుని సిద్ధంగా నిలబడి ఉంది కూడా. మా అత్త ఆ చెంబు ఆమె చేతిలోంచి తీసుకుని పైపోర్షనామెకిచ్చింది.

"నువ్వే ఎదురు రా బిడ్డా," అంది.

బిడ్డా. నన్ను ఇన్నేళ్ళుగా ఓ పిల్లా అనే పిలుస్తుంది మా అత్త. కొడుకు పుట్టిన రోజు కూడా ఓ పిల్లానే.

ఆమె కుంటుకుంటూ గేటు దాకా పోయి, వెనక్కి తిరిగి, చెంబు రెండు చేతులా పట్టుకుని మాకు ఎదురొచ్చింది. ఆమె అడుగు వేసిన చోట గచ్చు మీద తడి మరక పడింది. బొబ్బలు చితికినట్టున్నాయి. మేం కారెక్కాం. నేను అద్దం దించి చేయి ఊపుదామని వెనక్కి చూశాను.

మా అత్త ఆమెను మెట్టు మీద కూర్చోబెట్టింది. తను కింది మెట్టు మీద కూర్చుని, ఆమె వద్దు వద్దంటున్నా వినకుండా పాదాన్ని తన ఒడిలోకి తీసుకుని నూనెలో పసుపు కలిపి రాస్తోంది. మా అత్త మోకాళ్ళు వంగవు. పూజప్పుడు కూడా కుర్చీలోనే కూర్చుంటుంది. ఏదో అంటోంది ఆమెతో, ఆమె నవ్వుతోంది. ఇద్దరిలో ఒక్కరూ కారు వైపు చూడలేదు.

"ఇగ ఖుషేనా?" అన్నాడు మా ఆయన, నా చేయి పట్టుకుని. "పోతున్నం గద మారిషస్."

ఖుషీనే అన్నాను. ఒడిలో పాస్‌పోర్టులు ఉన్నాయి, ముందర దీవి ఉంది, పోతున్నది నేను. అయినా కారు మీర్‌పేట వైపు తిరిగి ఇల్లు కనబడకుండా పోయేదాకా, ఆ మెట్టు మీద కూర్చున్నామెను చూసే కుళ్ళుకున్నాను.